తెల్లరంగు సీసా

ఆబరిస్ట్విత్‌లో సముద్రం
కిటికీ అద్దానికి ఉప్పు పూసి పోతుంది.
అంతర్జాతీయ సంబంధాల శాఖలో
టైపు కొట్టేది నేనే, నెరిస్‌ని.

ఎనభై తొమ్మిది, నవంబరు.
"రెండు అగ్రరాజ్యాల సమతూకం శాశ్వతమా? చర్చించుము."
ప్రశ్న కొట్టి పెట్టాను.
గోడ ఆగలేదు.
ప్రోథరో గారు రాత్రంతా రేడియో విని
ఎర్రకళ్లతో వచ్చి సీసా అడిగారు.
"రెండు" మీద పూశాను.
ఆరేదాకా ఇద్దరం ఊదుతూ నించున్నాం.
దాని మీద ఏం కొట్టాలో
ఆయనకీ తోచలేదు.

తర్వాత ఎన్ని సీసాలో.
యుగోస్లావియా ఒక్కదానికే ఒకటిన్నర.

పోయిన వారం
కిరిబాటి నుంచి వచ్చిన తెరేతియా
నా బల్ల దగ్గర ఆగి అడిగింది:
"నేల మునిగాక కూడా మాది దేశమేనా?
ఏ వారం పాఠంలో ఉంది?"

వెతికాను. పదో వారం తర్వాత కాగితం ఖాళీ.
సొరుగులో పాత సీసా కుదిపాను,
లోపల గోళీ ఒక్కటే మోగింది.