ఆది

కందుకూరు ఆసుపత్రి వీధిలో నా మిషను.
నీచు ముట్టని రమణయ్యశెట్టి నడుము
ముప్పయ్యారు, ముప్పయ్యెనిమిది, నలభై రెండు,
నా ఆది పుస్తకంలో ఏటేటా ఒక గీత అవతలికి.

“ఆకులు తినేవాడికి షుగరేంది, కాలేషా?”
ఆకులెక్కడ తిన్నావు శెట్టీ,
గిన్నెడు తెల్లన్నం, బోండాలు, చెరుకురసం.
అన్నీ మొక్కలు కన్నవేలే.

మొన్న పాత ప్యాంట్లు తెచ్చి
లోపలికి పట్టమన్నాడు.
ఇన్నేళ్లలో నా సూది కింద
నడుము తగ్గింది రెండుసార్లే,
రెండూ జబ్బు మనుషులవి.
అడగబోయి ఆగా:
సైకిలు హ్యాండిలుకు వరిగల సంచి,
పైన తొంగిచూస్తూ గోంగూర కట్ట.
“అలసందలు నానేశా, పోవాలబ్బా”
అంటూ తొక్కాడు, మునపటంత రొప్పకుండా.

షట్టరు దించి
టేపు నా పొట్ట చుట్టూ తిప్పుకున్నా.
అంకె చూశా.
పుస్తకంలో రాయలేదు.