పిండి కొద్దీ

జిమ్ గోడ మీద రెండే కాగితాలు.
ఒకదాని నెత్తిన మీసం బొమ్మ,
ఇంకోదాని నెత్తిన పెదవుల బొమ్మ.
మీసం కింద: ఛాతీ, భుజాలు, వీపు, మళ్ళీ ఛాతీ.
పెదవుల కింద: నడుము తగ్గాలి, తొడలు తగ్గాలి,
అన్నీ తగ్గాలి.
ఇరవై ఆరేళ్ళు ఆ రెండో కాగితమే చదివినవాణ్ణి.
మొదటిదాన్ని ఫోటో తీసుకుని
వల్పరైసో మెట్లన్నీ ఒక్క గుక్కలో దిగాను.

అప్పటికి నాలుగు నెలలు,
గురువారం గురువారం తొడలోకి సూది.
గొంతు పగిలింది, ఆకలి పెరిగింది,
కండ అడగకుండానే వచ్చి కూచుంది.
కండ కింద స్నాయువు మాత్రం
ఇంకా పాత ఇంట్లోనే ఉంది,
సామాను సర్దుకోలేదు.
నాకా సంగతి తెలియదు.
బైండర్ బిగించి, దాని మీద బనియను,
దాని మీద నా బరువంత ఇనుము.

మూడో వారం ఊపిరి సగం దారిలో ఆగింది.
మోచెయ్యి మొండికేసింది.
తెల్లవారుజామున బేకరీలో
పిండి పిసకలేక నిలబడ్డాను.
ఒర్ఫెలీనా నా వాటా తన వైపు లాక్కుంది.
అరవై దాటిన మనిషి, ఆ ముంజేతులు చూడాలి!
ఏ కాగితం చూసి పెంచింది వాటిని?

ఎవారిస్తోకి ఒక కాలు కుంటి.
రేవులో క్రేను నడిపి,
ఇప్పుడు జిమ్‌లో బరువులు సర్దుతాడు.
నా మోచెయ్యి చూసి
"దేనికి నీకీ బలం?" అన్నాడు.
ఎలా కనపడాలని అని అందరూ అడిగారు గానీ
దేనికని ఎవరూ అడగలేదు.

చాలాసేపు ఆలోచించాను.
బస్సులో పై కడ్డీ పట్టుకోవాలి,
చొక్కా ఎక్కడ అతుక్కుంటుందో చూసుకోకుండా.
పిండి సంచి పై అంతస్తుకి మొయ్యాలి.
వచ్చే ఏడాది ఆపరేషన్,
తర్వాత కొన్ని వారాలు చేతులు ఎత్తకూడదట.
మంచం మీంచి లేవాలంటే కాళ్ళే దిక్కు.

రసీదు వెనక పెన్సిలుతో రాశాడు:
సోమవారం బస్కీలు, వీపు. బైండర్ తీసెయ్, వదులు బనియను రెండు వేసుకో.
బుధవారం మెట్లు. ఎలాగూ ఎక్కుతావుగా, ఇక లెక్కపెట్టు.
గురువారం సూది. పడుకో.
శనివారం దండీలు: గోడకి, తర్వాత బల్లకి,
నేల సంగతి నేల పిలిచినప్పుడు.

"మరి ఛాతీ?" అన్నాను.
"అది నీ సర్జన్ పని. వీపు నీ పని."
పైన పేరు రాయబోయి ఆగి, అడిగాడు.
లిసాండ్రో, అన్నాను.
ఒక్క అక్షరం తప్పు రాశాడు.
దిద్దమని అనలేదు.

అబద్ధం ఎందుకు, మొదటి ఫోటో
ఫోనులో ఇంకా ఉంది.
అప్పుడప్పుడు తీసి చూస్తాను.
ఆ భుజాలు నాక్కావాలి, ఇప్పటికీ.

పిండి కొద్దీ రొట్టె అంటారు.
పొంగేదాకా ఆగాలని
సామెతలో ఎవరూ చెప్పలేదు.
తడిగుడ్డ కింద పిండి ఊరుతున్న ముప్పావు గంట,
కొట్టు వెనక గోడకి అరచేతులు ఆనించి
పది వంగుతాను, ఆగుతాను, పది.
సున్నం మీద నా చేతులు
పిండితో రెండు అచ్చులు వేశాయి.
ఒర్ఫెలీనా చూసి, తుడవమంది.
నిన్న తుడవమంది.
ఇవాళ కూడా.