తహాన్

తోవా పాయోలో ఆరో అంతస్తు వార్డు.
నొప్పి, ఒకటి నుంచి పదిలో ఎంత అని
చక్కటి ఇంగ్లీషులో అడుగుతుంది కాగితం.

పన్నెండో మంచం న్గియామ్ తాత అంకె చెప్పడు.
తుంటి మీద చెయ్యి వేసుకుని
"క్యానాట్ తహాన్ లా" అంటాడు.
ఇంట్లో ఆయనది తియోచ్యూ.
ఈ మాట మాత్రం మలయ్ వాళ్ళది.
నది ఒడ్డున బియ్యం బస్తాలు మోసిన రోజుల్లో
ఎవరో భుజం మార్చుకుంటూ అరువిచ్చారు.
ఇంకా తిరిగివ్వలేదు.

నర్సు రొహయానా కలం ఆగింది.
ఓర్చుకోవడం, మోయడం, పడిపోకుండా నిలబడడం
అన్నీ కలిపితే ఎంత?
ఏడు వేసింది.
కాసేపాగి కొట్టేసి, ఎనిమిది.

తెల్లారగట్ల డ్యూటీ దిగి
బస్టాపులో చెప్పులు విప్పి
వాచిన మడమలు నొక్కుకుంటోంది.
ఫోన్లో అక్క ఏదో అడిగింది.
"క్యాన్ తహాన్" అంది,
వచ్చిన బస్సును పోనిచ్చి.