ఒకటిన్నర డిగ్రీ

వాదీ కబీర్‌ల మా షెడ్డు రేకు
పొద్దుగాల తొమ్మిదింటికే పెనమైతది.
ఖల్ఫాన్ వచ్చి రెండు జతల క్యాంబర్ ప్లేట్లు
కౌంటర్ మీద పెట్టిండు.

ఒకటి నీలం, అద్దమోలె మెరుస్తది,
నడుమ ఇనుప గుండు.
ఒకటి నల్లది, మొద్దుది, నడుమ రబ్బరు.
"ఏది తీసుకోవాలె గంగూ?
ఒకటి వాపస్ ఇయ్యాలె సాయంత్రంలోపు."

నేను ప్లేట్ల దిక్కు సూడలే.
ముందటి కుడి టైరు విప్పి ఒళ్ళె పెట్టుకున్న.
చెప్పు అరిగిన తీరు జూసి
మనిషి నడక చెప్తుండె
మెట్‌పల్లి బస్టాండు కాడ పోశన్న.
నాకు టైరు చెప్తది.
బయటి అంచు బోడిగైంది, లోపలంత కొత్తగనే ఉంది.
"రౌండబౌట్ల నువ్వు బ్రేకు తొక్కవు" అన్న.
చెవులు ఎర్రగైనయ్ పిలగానికి.

"ఆమెరాత్ ఘాట్ ఎన్నిసార్లు ఎక్కుతవ్?"
"జుమ్మా రాత్రి."
"మిగిలిన ఆరు దినాలు?"
బయట సుబారు వెనుక సీటు జూసిన.
బర్కాల మేనమామ దుకాణం హల్వా,
మట్టి గిన్నెలు, మూతల మీద పేపర్, సీటు బెల్టు సుత పెట్టిండు వాటికి.
నెయ్యి, కుంకుమపువ్వు, పెట్రోలు
ఒక్కటే వాసన.

అప్పుడు చెప్పిన.
ఇనుప గుండు నిజం మాట్లాడ్తది,
తొవ్వ ఎట్లుంటె అట్లనే చేతికి చెప్తది.
కని ప్రతి స్పీడు బ్రేకరూ చెవిలనే పడ్తది.
ఇసుక దాంట్ల కాపురం పెడ్తది.
ఏడాది తిరిగేసరికి
ఊగే పన్నులెక్క టకటక.
రబ్బరు జర ఆగి జవాబిస్తది,
ఇంట్ల పెద్దమనిషి లెక్క.
ఈ ఎండకు అదిగూడ పగుల్తది, అబద్ధమెందుకు,
కని నాలుగైదు ఎండకాలాలు ఓర్సుకుంటది.

నీలం డబ్బాను రెండుసార్లు తడిమి
మూత పెట్టిండు.

"సరే. మూడు డిగ్రీలు పెట్టు."
"ఒకటి."
మత్రా చేపల బజార్లగూడ ఇంత బేరం కాదు.
మూడు డిగ్రీలు పెడితె ఆరు దినాలు
బండి లోపలి అంచు మీద కుంటుకుంట పోతది,
ఒక్క రాత్రి వంపు కోసం.
ఒకటిన్నర కాడ ఇద్దరం చాయ్ తాగినం.

ప్లేటు మీద గీతలుంటయ్, నమ్మొద్దు.
అవి ఎంత జరిగిందో చెప్తయ్,
ఎంత వంగిందో మిషన్ చెప్పాలె.
స్ప్రింగు మీదికి టవరు తగుల్తదా అని
రెండు వేళ్లు పెట్టి సూసిన, వేళ్లు పట్టినయ్.
బోల్టులు బిగించి, టో సరిజేసి,
తెల్ల మార్కర్‌తోని సన్నటి గీత కొట్టిన.
"క్యాంబర్‌ను అందరు తిడ్తరు ఖల్ఫాన్,
టైరును నములుకుంట తినేది టో.
ఇది జరిపితె అది గూడ జరుగుతది.
నా గీత ముట్టకు."

ఖురియాత్ రోడ్డు మీద స్టీరింగు వదిలేసిండు.
కుడికి పోలే, ఎడమకు పోలే.
పక్కపొంటి గుట్టలు సప్పుడు లేకుంట నడిచినయ్.
వెనుక గిన్నెల మూతలు గూడ మాట్లాడలే.
నాకు తెల్వకుంటనే
నా ఎడమ కాలు సూసుకున్న.
ఇరవై రెండేండ్లు గుంతల నిలబడి
బయటికి వాలింది మోకాలు.
దానికి ప్లేటు దొర్కదు.

మూడు నెలలకు మల్ల వచ్చిండు, చేతిల హల్వా గిన్నె.
కండ్లు మూసి టైరు మీద అరచేయి నడిపిన,
లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి.
ఎక్కడ ఆగలే చెయ్యి.

బానెట్ ఎత్తిన.
తెల్ల గీత మీదనే ఉంది బోల్టు, నిజమే.
కని పక్కన ఒక కొత్త గీరు,
గోరంత పొడుగు, లోపలి దిక్కు.
పోయి వచ్చిన జాడ.

ఖల్ఫాన్ రేకు దిక్కు సూస్తున్నడు.
నేనేం అడగలే.
టో సరిజేసి
మూడు రియాళ్లు తీసుకున్న.