నాలుగు నీళ్ళు

ముత్తుకూరు రోడ్డులో, లారీలు మలుపు తిరిగే చోట
చెంచులక్ష్మి మెస్ అంటే మాదే.
బోర్డు మీది పేరు నాది,
బాకీల పుస్తకం మా పెంచలయ్యది.

బాయిలర్లు బిగించేదానికి వొచ్చినాడు ఆయన, చైనా నుంచి.
పేరు లియాంగ్.
నాకు నాలుక తిరక్క లింగయ్య అన్నా.
పలికినాడు. అంతే, లింగయ్యే అయిపోయినాడు.

తొలిరోజు రాత్రి కొర్రమీను పులుసు పెట్టినా,
పచ్చిమామిడికాయ వేసి
పొద్దున కాచి సందకాడ దాకా ఊరనిచ్చింది.
పైన ఎర్రగా తేలిన నూనెను
పెన్నలో వరద చూసినట్టు చూసినాడు.
జేబులోంచి ఫోను తీసి దాని చెవిలో ఏందో చెప్పినాడు.
ఫోను నాతో అన్నది, అయివారి మాదిరి:
"దయచేసి నూనె తగ్గించగలరు.
రాత్రి భోజనము తేలికగా ఉండవలెను."

ఒళ్ళు మండింది.
నెల్లూరు గడ్డన కూర్చోని
చేపల పులుసుకు వంక పెట్టినోడు
మా మేనమామైనా సరే, మళ్ళీ పిలవను.
కానీ నెల డబ్బులు ముందే కట్టినోడాయె.

మే నెల. తారు కరిగి చెప్పులకంటుకొనే ఎండ.
అందరూ మజ్జిగ, ఐసు నీళ్ళు అడుగుతుంటే
ఈయన ఫ్లాస్కు మూత తిప్పి
పొగలు కక్కే నీళ్ళు చప్పరిస్తాడు.
పక్క బల్ల డ్రైవర్లు నవ్వుతారు.
ఆయనా నవ్వుతాడు, ఎందుకో తెలీకుండానే.
ఊరుగాని ఊళ్ళో ఆయనకొచ్చిన భాష అదొక్కటే.

ఒక మాపటేళ
చెయ్యి కడుక్కునేదానికి దొడ్లోకి పోయినోడు రాలేదు.
పోయి చూస్తే
గిన్నెలు తోమే గట్టు పక్కన గొంతుకూర్చోని ఉండాడు,
ఎవురూ నాటకుండా పాకిన గంగపాయల ఆకు ముందు.
తిరనాళ్ళలో తప్పిపోయిన చెల్లెలు కనపడినట్టు
ఆ ఎర్ర కాడను పట్టుకొని
ఏందేందో మాట్లాడతా ఉండాడు.
ఫోను బయటికి తియ్యలా.
నాకూ అవసరం పడలా.

నాలుగు నీళ్ళు పోసి కడిగినాడు.
మరిగే నీళ్ళలో ముంచి, ఊపిరి బిగబట్టినంతసేపుంచి తీసినాడు.
తెల్లగడ్డ చిదిమినాడు. నూనె ఒక్క చుక్క,
చుక్కంటే చుక్కే.
చిన్న గిన్నెలో నాకూ పెట్టినాడు.
పుల్లగా, జిగటగా,
నాలుకకు తగలంగానే మా అవ్వ.
కరువు ఏడు పెసరపప్పులో ఇదే ఆకేసి
"తినండే, ఊరికే వొచ్చిందని లోకువా" అని తిట్టేది.
మేమే మొహం తిప్పుకున్నాం,
బియ్యం దండిగా దొరికినాక.

ఆ వారమే పెంచలయ్యకు షుగరు మూడొందల ఎనభై అన్నారు.
మొలగొలుకుల అన్నం కుప్ప పోసుకొని
నడిమధ్య గుంట చేసి పులుసు పోసుకొనే మనిషి.
ఏడు గంటలకల్లా లింగయ్య పక్కన కూర్చోబెట్టినా.
పిడికెడన్నం, ఆకు, ఉడికిన చేప ముక్క.
ఒకరి పళ్ళెం ఒకరు ఓరకంట చూసుకుంటా
ఇద్దరు బడిపిల్లోళ్ళు.
"ఇది తిండా, శిక్షా?" అన్నాడు మా ఆయన.
ఫోను దాన్ని ఎట్టా చెప్పిందో గాని
లింగయ్య లేచి నిలబడి దండం పెట్టినాడు.

పొయ్యే ముందురోజు రాత్రి
ఆయనే అడిగినాడు, వేలు చూపించి, పులుసు.
నూనె తగ్గించలా నేను.
కళ్ళెంబడి ముక్కెంబడి నీళ్ళు కారతా
గిన్నె అడుగు ముక్క దాకా తిన్నాడు.
కారానికేనా అని అడగలా.

ఇప్పుడు పలక మీద చాక్‌పీసుతో రాస్తా:
లింగయ్య కూర, ఇరవై రూపాయలు.
లారీలోళ్ళు ఏ గుడి ప్రసాదమో అనుకుంటారు.
పెంచలయ్యకు షుగరు దిగింది.
నెల్లూరు పోయినప్పుడల్లా కారందోశ తింటాడని
నాకు తెలీదనుకుంటా ఉండాడు.

రోజూ సందకాడ ఆకు కోసుకొచ్చి కడుగుతా.
మొదటి నీళ్ళు బూడిద రంగు.
రెండోవి కొంచెం పల్చన.
ఎంత శుభ్రమో ఈ మనిషికి అనుకున్నా ఆనాడు.
దొడ్డిగోడ మీదుగా
ఆయన బిగించి పోయిన బాయిలరు పొగ
చుక్కలు పొడిచే వైపుకే పోతా ఉంది.
ఆయనకు ముందే తెలుసు.
మూడోవి పారబోసి
నాలుగో చెంబు ముంచుతా.