మూడో మంచం

సోమవారం, గురువారం
కాశీబుగ్గలో బస్సు దిగి వస్తాడు లోకనాథం.
చెప్పులు విప్పి తూకం మిషనెక్కుతాడు.
యాభై మూడు కిలోల నాలుగు వందలు.
రిజిస్టర్లో రాస్తాను.
తూకానికి మొహమాటం లేదు.
నాకుంది.

పదకొండు నెలలయింది
అక్క ఇచ్చిన కిడ్నీ ఆగిపోయి.
"సుభద్రక్కకి సెప్పకు బావూ,
ముసురేస్తే దాని కుట్లు ఇంకా లాగుతాయంట,"
సూది దిగుతుంటే కళ్లు మూసుకుని అంటాడు.
చెప్పనన్నాను.
రోగి సంగతి రోగిదే.
ఉద్యోగంలో చేరిన రోజే నేర్చుకున్నాను.

ఆవిడ నాకే ఫోన్ చేస్తుందనుకోలేదు.
మందస నుంచి, పొద్దున్నే, వెనక కోడి కూస్తుండగా,
"తమ్ముడికి నీరు సాఫీగా అవతందా బావూ?
అడిగితే నవ్వుతాడు గాని సెప్పడు."

ఒక్క "అవునక్కా" చాలు,
ఆ పూట అన్నం తింటుంది.
నోటిదాకా వచ్చింది.
"లైన్ సరిగా లేదక్కా" అన్నాను.
అదీ అబద్ధమే.
సిగ్నల్ నాలుగు గీతలూ ఉన్నాయి.

మా అమ్మ ముప్పయ్యేళ్లు జీడిపిక్కలు కొట్టింది,
చేతులకి ఆముదం రాసుకుని.
తొక్కలో రసం చర్మాన్ని తినేస్తుంది.
"కాల్తాదని ఒగ్గెత్తే
లోపలి పప్పు ఎవుడికిరా?" అనేది.
ఆ మాట నాకు సగమే నచ్చుతుంది.
కాలేది నా చెయ్యయితే సరే.
ఇక్కడ కాలేది సుభద్ర చెయ్యి.

పోనీ, మేలుకే కదా అనుకుందాం.
ఈవిడకొక అబద్ధం,
ఐదో మంచం ధనుంజయ పెళ్లానికి ఇంకొకటి,
ఎవరికెంత నిజం పడుతుందో
నేనే కొలిచి పోస్తూ పోతే
రేపు నిజంగానే "రిపోర్టు బాగుందమ్మా" అన్నప్పుడు
ఏ చెవి నమ్ముతుంది?
ఉద్దానంలో నీళ్ల మీదే అనుమానం.
మాట మీద కూడా అనుమానమొస్తే
ఏం తాగి బతుకుతారు?

ఇంకోటి కూడా.
ఒంట్లోంచి తీసి ఇచ్చిన మనిషి.
సంతకం పెట్టినప్పుడు పెద్దది,
ఇప్పుడు చిన్నపిల్లయిపోయిందా?

గురువారం లోకనాథానికి చెప్పేశాను.
"నేనుగా చెప్పను. అడిగితే అబద్ధమాడను.
నీ నోటితో నువ్వే చెప్పు."
మొహం గోడకి తిప్పుకున్నాడు.
నాలుగ్గంటలూ అలాగే.
వెళ్తూ, "నువ్వూ ఒక మనిసివేనా?" అన్నాడు.

రెండు వారాలకి ఆవిడే వచ్చింది,
స్టీలు క్యారేజీలో పనస తొనలతో.
"పనికాడ అడిగితే
సోమారం, లచ్చివారం రాడన్నారు.
లోపలున్నాడేటి?"

ఉన్నాడనలేదు. లేడనలేదు.
"ఆ మాట నన్నడక్కక్కా."
నా గొంతు వణకడం నాకే వినిపించింది,
ఆవిడకి వినపడదా?
అతని రహస్యం కాపాడానో, అమ్మేశానో
ఇప్పటికీ తేలలేదు.

చెప్పులు విడిచి లోపలికెళ్లింది.
మూడో మంచం.
గొట్టాల్లో తిరుగుతున్న ఎరుపు వంక చూసింది.
జారిన దుప్పటి అతని పాదాల మీదకి లాగింది.
"ఎన్నాళ్లయినాది?"
"పదకొండు నెల్లు దాటింది."
"పదకొండు నెల్లు," అంది,
"బాగుండాదని దండాలెట్టుకుంతన్నాను నాను."
తర్వాత చాలాసేపు మిషను చప్పుడే.

క్యారేజీ మూత తీసి, ఆగి, నా వైపు తిరిగింది.
"ఇవి తినొచ్చేటి?"
"తినకూడదక్కా," అన్నాను, తడుముకోకుండా.

మూత పెట్టేసింది.
సాయంత్రం దాకా
వార్డంతా పనస వాసన.