కాల్ బాయ్

బిట్రగుంట రన్నింగ్ రూములో
నా ఉద్యోగం పేరు కాల్ బాయ్.
కాళ్ళు తట్టి లేపేవాడు గనక
ఆ పేరు పెట్టారనుకున్నా.
అది కాళ్ళ కాలు కాదని
ఇంగ్లీషొచ్చిన గార్డొకాయన చెప్పేసరికి
చేతికి అలవాటయిపోయింది.

పన్నెండు మంచాలు.
లైటు వెయ్యకూడదు, పేరు పెట్టి అరవకూడదు.
మూడూ పది గూడ్సు తోలేవాడు లేవాల,
అయిదింటి బండివాడి నిద్ర చెడకూడదు.
భుజం తడితే ఉలిక్కిపడి చెయ్యి విసురుతారు,
ఒకసారి పన్ను కదిలింది నాకు.
అప్పట్నుంచి కాళ్ళ వైపే పొయ్యేవాణ్ణి.
అరికాలి గుంటలో రెండు వేళ్ళతో
రెండే రెండు తట్లు.

"రోజూ ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకునే బతుకా నీది"
అంది మా అమ్మ.
పట్టుకోడం కాదమ్మా, తట్టడం అన్నా.

చెంగల్రాయుడు ఎడమ పాదం ఒక్కటే బయట పెట్టేవాడు
గాలి ఎటునించి వస్తందో కనుక్కుంటున్నట్టు.
అది లోపలికి పోతే నిద్ర రాదంట,
రెండోది బయటికొస్తే జలుబంట.

ఖాజా మొహిద్దీన్ రోహిణి కార్తెలో కూడా
దుప్పటి అంచులు మడమల కింద దోపేవాడు.
చిన్నప్పుడు గాలివాన రాత్రి
కడనూతల బళ్ళో తలదాచుకుంటే
ఎలక కొరికిందంట బొటనవేలు.
నలభయ్యేళ్ళయింది.
ఆ ఎలక ఎప్పుడో చచ్చుంటది.
అయినా దోపేవాడు.

పీటర్స్ సాక్సులతో పడుకునేవాడు.
కుడి సాక్సుకి బొటనవేలి దగ్గర చిరుగు,
ఆ చిరుగులో తడితేనే లేచేది ఆయన.
సాక్సు పైన పిక్క మీద
బొగ్గింజన్ల నాటి నిప్పురవ్వల మచ్చలు,
మసూచి పోసినట్టు.

ఇంక ఆ పొడుగు కుర్రాడు, అసిస్టెంటు,
పేరు గుర్తు రావడంలా.
తల కప్పితే కాళ్ళు బయట, కాళ్ళు కప్పితే తల బయట.
దుప్పటి కొద్దీ కాళ్ళు చాపుకోమన్న పెద్దమనిషి
రైల్వే దుప్పటి చూసుండడు.

తల నించి కాళ్ళ దాకా ముసుగు తన్నేవాళ్ళంటే మాత్రం
నాకు చెడ్డ కోపం.
ఎవరో తెలవదు, అదొకటి.
ఇంకొకటి నేను చెప్పను, రాత్రిపూట.

ఒకే ఒక్కసారి తప్పు చేసినా.
చెంగల్రాయుణ్ణి గూడూరు మార్చారని తెలవదు.
అదే మంచం, అదే ఎడమ పాదం,
తట్టి, సార్ మూడూ పది, అన్నా.
ఎవరో కొత్తాయన లేచి కూచున్నాడు.
"నాది ఏడింటి బండి గదయ్యా."
తిట్టలేదు. నిద్ర మళ్ళీ రాలేదు ఆయనకి.
తెల్లారిందాకా మెట్ల మీద నాతో పాటు కూచుని
బీడీలు కాలుస్తా ఏందేందో చెప్పాడు.
అంత మంచి మాటలు నేనింతవరకూ వినలా.
ఒక్కటీ గుర్తులేదు.

నేను పగలు పడుకునేవాణ్ణి.
రెండు పాదాలూ బొంతలో మూటగట్టి,
పైన ఇంకో చీర కప్పి.
"నిన్నెవరు లేపుతారయ్యా" అని నవ్వేది పెంచలమ్మ.
దొంగకి తెలిసినంతగా
తాళం సంగతి ఇంకెవరికి తెలుసు?

ఇప్పుడు సెల్లులో లేపుతున్నారంట.
మంచిదే. ఎవరి పళ్ళూ కదలవు.

నేను రిటైరై పదకొండేళ్ళు.
మొన్న ముసురు పట్టిన రాత్రి
ఏం బుద్ధి పుట్టిందో
కుడి పాదం దుప్పట్లోంచి బయటికి పెట్టా.
ఫ్యాను గాలి వేళ్ళ సందుల్లోకి పోయింది.
ఇన్నేళ్ళూ ఇంత సుఖం
వాళ్ళ దగ్గరే పెట్టుకున్నారే అనుకున్నా.
మూడూ పదికి కావలి వైపు గూడ్సు పోయింది,
కిటికీ రెక్క గడగడలాడింది.
కళ్ళు మూసుకునే ఉన్నా.
ఎవరూ తట్టలా.

కాసేపటికి పెంచలమ్మ
సగం నిద్రలో లేచి
పాదం మీదికి దుప్పటి లాగి కప్పి
అటు తిరిగి పడుకుంది.

ఆమె గురక మొదలయిందాకా ఆగి
మళ్ళీ బయటికి పెట్టా.